జొన్న చేన్లో రెండు రకాల పచ్చ పిట్టలు: ఇవి రెండు జాతులా, ఒకటేనా?

జొన్నచేను · ఫిబ్రవరి 9, రాత్రి 8:40

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు, హైస్కూల్లో సైన్స్ చెప్తాను.

ఆదివారం నాన్నకు జ్వరమొస్తే పిట్టలు తోలడానికి మంచె మీద నేను కూర్చున్నా. జొన్న ఇప్పుడిప్పుడే గింజ గట్టిపడుతోంది. పొద్దున ఏడింటికి ఒక గుంపు దిగింది, రెండు మూడు వందలు ఉంటాయి. అన్నిటికీ కడుపు పసుపు ముద్దలా ఉంది, పిచ్చుక కంటే కాస్త పెద్దవి. మా నాన్న వీటన్నిటినీ పచ్చ జీనువాయిలు అంటాడు, ఆయనకు ఒకటే పేరు. వడిసెల పక్కన పెట్టి ఫోన్ తీశా.

ఇంటికొచ్చి ఫోటోలు పెద్దవి చేసి చూస్తే తేడాలు బయటపడ్డాయి. చాలావాటికి తల నల్లగా, వీపు ఇటుక రంగులో ఉంది. మూడింటికి మాత్రం తలా రొమ్మూ ఎర్రమట్టి పూసినట్టు ఉండి, వీపు ఆకుపచ్చ. పుస్తకం చూస్తే మొదటిది నల్లతల బంటింగ్, రెండోది ఎర్రతల బంటింగ్. ఇంతవరకు బాగానే ఉంది. ఒక్కటి మాత్రం రెండిట్లో దేనికీ సరిపోవడం లేదు. తల గోధుమ రంగు, మధ్యమధ్య నల్ల మచ్చలు, చెంప దగ్గర మురికిగా ఉంది. ఇది ఆ రెండిటికీ పుట్టిన సంకరమా?

అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫోటోలు క్లాసులో చూపించా. వెనక బెంచీ పిల్లవాడు లేచి, “ఒకే చేన్ల తింటున్నయి, ఒకే గుంపుల ఎగురుతున్నయి, మరి వేరే జాతులని ఎవరు చెప్పిన్రు సార్?” అన్నాడు. రేపు చెప్తా అన్నాను. ఆ రేపు, రేపే.

డిండి_రైతు · రాత్రి 8:52

సారూ, ముందు పిట్టలను తోలినవా లేదా? జాతి ఏదైతేంది, పోయేది మన గింజే.

బైనాక్యులర్_తాత · రాత్రి 9:15

సంకరం అని తొందరపడకు నాయనా. నేను పాలమూరులో ఉద్యోగం చేసినన్నాళ్లూ చలికాలం జొన్న చేలల్లో వీటిని చూశాను. కొత్త ఈకలు వచ్చినప్పుడు నల్లతల మగదాని తల నల్లగా కనబడదు. ఒక్కో ఈక అడుగున నలుపే, అంచు మాత్రం గోధుమ రంగు. ఆ అంచులు అరిగేకొద్దీ లోపలి నలుపు బయటికొస్తుంది. కొత్త గోనెసంచీ మీది పీచు రాలాక అచ్చు కనబడ్డట్టు అనుకో. నీ మచ్చల పిట్ట సగం అరిగిన మగదై ఉంటుంది.

నడుము దగ్గర చూడు. అంటే వీపు కింద, తోక మొదలయ్యే చోట. అక్కడ ఇటుక ఛాయ ఉంటే నల్లతల అనుకోవచ్చు, ఆకుపచ్చ కలిసిన పసుపు ఉంటే ఎర్రతల వైపు మొగ్గు. ఆడవాటి జోలికి మాత్రం వెళ్లకు. రెండు రకాల ఆడవీ పక్కపక్కన కూర్చుంటే అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు.

జొన్నచేను · రాత్రి 9:31

తాతగారూ, నడుము కనబడే ఫోటో ఒక్కటే ఉంది, అదీ మసక. ఇటుక ఛాయ ఉన్నట్టే ఉంది. సంకరం కథ ముగిసినట్టే. కాని పిల్లవాడి ప్రశ్న అలాగే ఉండిపోయింది కదా.

సాగర్‌గట్టు · రాత్రి 9:50

నేను నల్గొండలో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్తాను. పిల్లవాడి ప్రశ్న మంచిది, తప్పు ఒకే చోట ఉంది. మన చేలో కలిసి తినడం దేనికీ రుజువు కాదు. వీటికి తిండి మన దగ్గర, పెళ్లి వేరే చోట. ఇక్కడ గుంపులో ఉన్నప్పుడు ఇవి జత కట్టవు, సరిగా పాడనైనా పాడవు. ఎండాకాలం ముందు నల్లతలవి పడమటికి, ఇరాన్, టర్కీ, బాల్కన్ దేశాల దాకా పోతాయి. ఎర్రతలవి ఉత్తరానికి, అఫ్గానిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, కజకిస్తాన్ వైపు. దుబాయికి పోయిన మనోళ్లు ఒకే గదిలో ఉంటారు, సంబంధాలు మాత్రం ఎవరి ఊళ్లో వాళ్లు చూసుకుంటారు. అలాంటిదే ఇది.

అయితే ఒక చోట ఈ రెండిటి పుట్టిళ్లు తగులుకుంటాయి. ఇరాన్ ఉత్తరాన, కాస్పియన్ సముద్రానికి ఆగ్నేయంగా. అక్కడ సంకరాలు పుడతాయి. యూర్గెన్ హాఫర్ అనే జర్మన్ పక్షి శాస్త్రవేత్త 1977లో ఇరాన్ ఉత్తరాన ఇలాంటి తగులు చోట్ల గురించి వివరంగా రాశాడు. కాబట్టి మన చేలో సంకరం దిగడం అసాధ్యమేమీ కాదు, అరుదు అంతే.

గుట్టమీద · రాత్రి 10:04

ఇదేదో మీ గోతిలో మీరే పడ్డట్టుంది సార్. కలిసి పిల్లలు పుడితే ఒకటే జాతి అని పదో తరగతిలో మీరే కదా చెప్పేది? ఇరాన్‌లో పుడుతున్నాయి అంటున్నారు. అయితే ఒకటే జాతి. మా వాళ్ల “పచ్చ జీనువాయి” అనే ఒక్క పేరే కరెక్టు.

సాగర్‌గట్టు · రాత్రి 10:20

పదో తరగతి నిర్వచనం బడి గేటు దాకానే పనికొస్తుంది. సంకరాలు పుట్టాయా అన్నది కాదు, పుట్టాక ఏమైంది అన్నది చూడాలి. ఆ సంకరాలు రెండు వైపులా పాకి, కొన్ని వేల ఏళ్లలో రెండు రకాలూ కరిగి ఒకటైపోతే అది ఒకటే జాతి. సన్నటి పట్టీ లాంటి ప్రాంతంలోనే ఆగిపోయి, అటు పదులు వందల మైళ్ల దాకా నలుపు నలుపే, ఇటు ఎరుపు ఎరుపే అయితే, ఏదో వాటిని విడిగా పట్టి ఉంచుతోందని అర్థం.

ఇందుకు కాకులు మంచి ఉదాహరణ. యూరప్‌లో పడమట పూర్తి నల్ల కాకి, తూర్పున బూడిద ఒంటి కాకి. మధ్యలో జర్మనీ గుండా సన్నటి సంకర పట్టీ ఉంది. 2014లో రెండిటి జన్యువులూ పక్కన పెట్టి చూస్తే తేడా ఒక శాతంలో మూడో వంతు కూడా లేదు. ఆ కాస్త తేడాలో ఎక్కువ భాగం కూడా ఒకే క్రోమోజోమ్ ముక్కలో కుప్పగా ఉంది, అదీ రంగుకు సంబంధించిన చోట. కాకి తన రంగు కాకినే కోరుకుంటోంది, అంతే. అంత తక్కువ తేడాతో కూడా గీత చెరగలేదు.

డిండి_రైతు · రాత్రి 10:26

అంటే కాకులల్ల కూడా రంగు పట్టింపే. మనుషుల దగ్గర నేర్చినయా ఏంది.

యాపచెట్టు · రాత్రి 11:10

ఆలస్యంగా చూశాను. మాది మహబూబ్‌నగర్, ఇప్పుడు హైదరాబాద్‌లో జువాలజీ ఎమ్మెస్సీ. గుట్టమీద అన్నా, నీ వాదనకు ఇంకా గట్టి ఇబ్బంది ఒకటి ఉంది, అదీ మా ఇంటి వేపచెట్టు మీదే.

అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా మా చెట్టులో ఒక చిన్న ఆకుపచ్చ పిట్ట ఉంటుంది. పచ్చాకుల్లో పచ్చగా, కనబడనే కనబడదు. “చిస్వీ, చిస్వీ” అని రోజంతా అరుస్తుంది కాబట్టి ఉన్నట్టు తెలుస్తుంది. మా అమ్మ దాన్ని తుమ్ముల పిట్ట అంటుంది. గ్రీనిష్ వార్బ్లర్. బరువు పది గ్రాములు కూడా ఉండదు, సైబీరియా పడమటి వైపు నుంచి ఇంత దూరం వస్తుంది.

దీని బంధువులు టిబెట్ పీఠభూమి చుట్టూ ఒక హారంలా ఉన్నాయి. మధ్యలో టిబెట్ ఎత్తు, అక్కడ చెట్లు లేవు, ఇవి ఉండలేవు. హిమాలయాల నుంచి ఒక వరుస పడమటగా కశ్మీర్, మధ్య ఆసియా మీదుగా పైకి పోయింది. ఇంకో వరుస తూర్పుగా చైనా మీదుగా పైకి పోయింది. పక్క పక్క ఊళ్ల పిట్టలు ఒకదానికొకటి పోలే ఉంటాయి, పాట కూడా కొంచెం కొంచెంగానే మారుతుంది. రెండు కొసలూ సైబీరియా మధ్యలో మళ్లీ కలుసుకున్నాయి. అక్కడ మాత్రం ఒకదాన్నొకటి గుర్తుపట్టడం లేదు! ఒకే అడవిలో ఉంటాయి, జత కట్టవు.

దీన్ని టైస్‌హర్స్ట్ అనే ఆయన 1938లోనే గమనించాడు. డారెన్ ఇర్విన్, స్టఫాన్ బెన్ష్, ట్రెవర్ ప్రైస్ కలిసి 2001లో పాటలూ జన్యువులూ కొలిచి చూపించారు. వాళ్లు స్పీకర్‌లో పాట వేస్తే, తన వైపు పాటకు మగపిట్ట కొట్లాటకు వచ్చేది. ఆ చివరి వైపు పాట వేస్తే పట్టించుకునేది కాదు.

ఇప్పుడు చెప్పు అన్నా, గీత ఎక్కడ గీస్తావ్?

గుట్టమీద · రాత్రి 11:25

రాత్రి పదకొండున్నరకు గీత ఎక్కడ గీయమంటావ్ చెల్లీ. పొద్దున చెప్తా.

బైనాక్యులర్_తాత · ఫిబ్రవరి 10, ఉదయం 5:50

యాపచెట్టు రాసింది చదివి సంతోషమైంది. ఒక్క సవరణ ఉంది. ఆ హారం అనుకున్నంత తెగకుండా లేదు. 2014లో ఇంకా లోతుగా జన్యువులు చదివినప్పుడు, మధ్యలో కొన్ని చోట్ల పూర్వం తెగి మళ్లీ అతుక్కున్న గుర్తులు కనబడ్డాయి. సైబీరియా కొసల దగ్గర కూడా ఎప్పుడో కొంచెం కలిసిన జాడ ఉంది. కథ అందం కోసం ఆ ముడులు దాచకూడదు. పాటలు రెండు దిక్కులా వేరువేరుగా మారాయన్న మాట మాత్రం నిలిచే ఉంది.

యాపచెట్టు · ఉదయం 7:30

నిజమే తాతగారూ, ఆ ముక్క వదిలేశాను. ఒప్పుకుంటున్నా.

జొన్నచేను · ఉదయం 7:42

స్కూలుకు బయల్దేరే ముందు ఒక డౌటు. పాట అంత ముఖ్యం ఎందుకు? రంగు, ముక్కు అంటే అర్థమవుతుంది. పాట మారితే జాతి విడిపోతుందా?

సాగర్‌గట్టు · ఉదయం 8:05

ఇక్కడే పాటపిట్టల ప్రత్యేకత ఉంది. కోడి కూత గుడ్డులోంచే వస్తుంది. ఎవరూ నేర్పకపోయినా పుంజు పుంజులాగే కూస్తుంది. పాటపిట్ట పిల్ల మాత్రం చిన్నప్పుడు తండ్రిదో పక్కింటి మగదానిదో విని నేర్చుకుంటుంది. నేర్చుకునేదంటే తప్పులు వస్తాయి, యాస వస్తుంది. రెండు గుంపులు కొండకు అటూ ఇటూ అయితే కొన్ని తరాల్లోనే పాటలు తేడా కొడతాయి. ఆడపిట్ట పాట విని మగదాన్ని ఎంచుకుంటుంది. యాస నచ్చకపోతే సంబంధం కుదరదు. ఒంట్లో మార్పు రావడానికి లక్షల ఏళ్లు పట్టే లోపే పెళ్లిళ్లు ఆగిపోతాయి.

మన దగ్గరే చూడండి. నల్గొండ మాట వేరు, పాలమూరు మాట వేరు. నారాయణపేట దాటితే తెలుగులో కన్నడం కలుస్తుంది. ఎక్కడా గోడ లేదు, అయినా రాయచూరు చేరేసరికి భాషే మారిపోయింది.

గుట్టమీద · ఉదయం 8:40

ఈ పోలిక నాకు నచ్చలేదు సార్. మా మేనత్తను రాయచూరుకే ఇచ్చారు. ఆర్నెల్లలో కన్నడం నేర్చుకుంది, నలుగురు పిల్లలు. మనిషి పెద్దయ్యాక కూడా భాష నేర్చుకుంటాడు. మీ పిట్ట అలా నేర్చుకోలేదా?

సాగర్‌గట్టు · ఉదయం 8:58

దెబ్బ కొట్టావ్. చాలా పాటపిట్టలకు నేర్చుకునే వయసు పసితనంలోనే మూసుకుపోతుంది. కొన్ని మాత్రం పెద్దయ్యాకా కొత్త పాటలు పడతాయి. పోలిక సగం దూరమే నడుస్తుంది, నీ మాట నిజం. పాట ఒక్కటే జాతిని విడదీయదు కూడా. అది తలుపు దగ్గరికి వేస్తుంది, గడియ పెట్టేది చాలాసార్లు వేరే ఏదో.

డిండి_రైతు · ఉదయం 9:10

పాటపిట్ట అంటే కోయిలే కదా సార్? మా మామిడి తోటల ఇప్పటికే మొదలుపెట్టింది.

యాపచెట్టు · ఉదయం 9:22

బాబాయ్, చెప్తే నమ్మవు. కోయిల పాటపిట్ట కాదు, కాకి పాటపిట్ట! గొంతు కింద శబ్దం పుట్టించే పెట్టె నిర్మాణాన్నిబట్టి, వంశాన్నిబట్టి చేసిన విభజన ఇది, మన చెవికి ఇంపు అన్నది లెక్కలోకి రాదు. కోయిల పిల్ల కాకి గూట్లో పెరిగినా కాకిలా పాడదు, పుట్టుకతో వచ్చిన కూతే కూస్తుంది.

ఇంకో ముచ్చట. పొన్నంగి పిట్ట ఉంది కదా, తొలకరికి నల్లమల చుట్టుపక్కల కనబడే రంగురంగులది. దాని శాస్త్రీయ నామంలో మొదటి మాట “పిట్టా”. అది మన తెలుగు పిట్టే! 1816లో ఫ్రెంచ్ ఆయన వియ్యో మన మాటనే పెట్టాడు. విచిత్రం ఏంటంటే ఆ పిట్టా కూడా అసలైన పాటపిట్టల కొమ్మలోది కాదు, పక్క కొమ్మ.

డిండి_రైతు · ఉదయం 9:25

కాకి పాటగాడు, కోయిల కాదు. ఇంకేం మిగిలింది బిడ్డా ఈ లోకంల.

రాతిగుట్ట · మధ్యాహ్నం 1:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను క్వారీ వైపు డ్యూటీ చేస్తాను, రోజూ చూసేది నల్లంచి. మగది నిగనిగలాడే నలుపు, రెక్క మీద తెల్ల చార, తోక నిక్కబొడిచి నిలబెడుతుంది, ఆ తోక కింద ఇటుక రంగు. రాయి మీద కూర్చుని తోక ఒక్కసారి ఎగరేసిందంటే ఆ ఎరుపు నిప్పురవ్వలా మెరుస్తుంది. మా షెడ్డు గోడ కంతలో గూడు పెట్టింది, పాము కుబుసం ముక్క కూడా తెచ్చి పరిచింది.

నా ప్రశ్న: కొన్ని మగవాటికి వీపు పూర్తి నలుపు కాదు, కాస్త గోధుమ ఛాయ ఉంటుంది. ముసలివా అనుకున్నా. అది కూడా ఇలాంటి సంకరమేనా?

బైనాక్యులర్_తాత · మధ్యాహ్నం 2:40

ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో మనకు అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ ఇది. మూడు పోస్టులు పట్టేంత మాట ఉంది, ఒక్కదాంట్లో చెప్తా.

దక్షిణాది నల్లంచి మగదాని వీపు నలుపు. ఉత్తరాదిలో, గుజరాత్ నుంచి గంగా మైదానం దాకా, వీపు గోధుమ రంగు. గోదావరికి కాస్త అటూ ఇటూగా రంగు మారుతుంది. మన దక్కను పీఠభూమి ఆ మార్పు మధ్యలో పడింది. అందుకే నీ క్వారీలో రెండు ఛాయల మధ్యవి కనబడతాయి. ఆ మధ్య రకానికి ఉపజాతిగా పేరు కూడా ఉంది, “ఇంటర్మీడియస్” అని, అంటే నడిమిది.

బంటింగుల దగ్గర తగులు చోటు ఉంది, అటూ ఇటూ రెండు ముద్దలు ఉన్నాయి. నల్లంచి దగ్గర అలా ముద్దలు లేవు. కాలువ నీళ్లలో బురద కలిసినట్టు నలుపు మెల్లగా గోధుమ అవుతుంది. అందుకే శాస్త్రవేత్తలు దీన్ని ఒకటే జాతి అంటారు, వీపు రంగులో తేడా ఎంత కొట్టొచ్చినట్టున్నా. రేపు ఏ కారణంతోనో మధ్యలో వంద మైళ్లు నల్లంచి లేకుండా పోయి, లక్ష ఏళ్లు గడిస్తే ఏమవుతుందో చెప్పలేం.

అలా మధ్యలో తెగిపోయిన కథ కావాలంటే పడమటి కనుమలు చూడాలి. అక్కడ షోలా అడవులు కొండ తలల మీదే ఉంటాయి, ఆకాశంలో దీవుల్లా. పాలక్కాడ్ దగ్గర ముప్పై నలభై కిలోమీటర్ల వెడల్పున పెద్ద సందు. ఆ సందుకు ఉత్తరాన ఒక రకం నీలి చిన్నపిట్ట, దక్షిణాన ఇంకో రకం. కిందికి దిగి సందు దాటవు. ఇప్పుడు తిరుపతిలోని సైన్స్ పరిశోధనా సంస్థ ఐఐఎస్ఈఆర్‌లో ఉన్న పక్షి శాస్త్రవేత్త వి.వి. రాబిన్, ఆయన సహచరులు వీటి మీద ఏళ్ల తరబడి పనిచేసి, 2017లో ఆ పిట్టలకు షోలికోలా అని కొత్త ప్రజాతి (దగ్గరి జాతులను కలిపే గుంపు) పేరే పెట్టారు. షోలా అనే మాటతోనే.

రాతిగుట్ట · మధ్యాహ్నం 2:55

అయ్యో, నేను ముసలిదని జాలిపడి పురుగులు కూడా వేశాను.

గుట్టమీద · సాయంత్రం 5:30

సరే, ఇదంతా లక్షల ఏళ్ల ముచ్చట. చూసినోడెవడు? మన కళ్ల ముందు కొత్త జాతి పుట్టింది అని చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.

యాపచెట్టు · సాయంత్రం 6:20

అడిగావు కాబట్టి విను. గలాపగోస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అని చిన్న రాతిదీవి. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి నలభై ఏళ్లు అక్కడ ఫించ్ పిట్టల కాళ్లకు రింగులు తొడిగి, ముక్కులు కొలిచారు. 1977లో కరువు వచ్చింది. మెత్తటి చిన్న గింజలు అయిపోయాయి, గట్టి పెద్ద గింజలే మిగిలాయి. పెద్ద ముక్కువి బతికాయి. తర్వాతి తరం సగటు ముక్కు పెరిగింది. ఇది మన కరువు జిల్లాలోళ్లకు వేరే చెప్పాలా?

అసలు సంగతి 1981ది. వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఎస్పాన్యోలా దీవి నుంచి ఒక మగపిట్ట దారితప్పి వచ్చింది. ఒళ్లు పెద్దది, ముక్కు పెద్దది, పాట వేరు. అక్కడి ఆడదానితో జతకట్టింది. పిల్లలు తండ్రి పాటే నేర్చారు. ఆ పాటను దీవిలోని మిగతా ఆడవి పట్టించుకోలేదు. రెండో తరం నుంచి ఆ వంశం తమలో తామే జత కట్టుకుంది. 2003-05 కరువులో ఇద్దరే మిగిలారు, అన్నాచెల్లెళ్లు. మళ్లీ వాన పడ్డాక వాళ్ల నుంచే వంశం నిలబడింది. 2017లో జన్యువులు చదివి ఆ మొదటి మగపిట్ట ఎస్పాన్యోలాదే అని తేల్చారు.

గుట్టమీద · సాయంత్రం 6:41

అన్నాచెల్లెళ్ల భాగం వదిలేద్దాం. కాని ఒక్క మగపిట్ట, దాని పాట... సరే చెల్లీ. ఒప్పుకోలేదు, ఆలోచిస్తున్నా.

సాగర్‌గట్టు · సాయంత్రం 7:05

అది అరుదైన తొందర అని కూడా చెప్పాలి. మామూలుగా అంత వేగం ఉండదు. తూర్పు హిమాలయాల్లో గూళ్లు పెట్టే 358 రకాల పాటపిట్టల వంశవృక్షం గీసి 2014లో ప్రైస్ బృందం చూసింది. పాటా రూపమూ మారడం ఒక ఎత్తు, తర్వాత రెండూ ఒకే కొండ మీద పక్కపక్కన బతకగలగడం ఇంకో ఎత్తు. రెండో దానికి లక్షలు కాదు, మిలియన్ల ఏళ్లు పడుతోంది. ఎందుకంటే తిండీ చోటూ పంచుకోవాలి కదా. అన్నదమ్ములు వేరు పడటం సులువే, ఒకే చేనులో బావి దగ్గర గొడవ లేకుండా బతకడమే కష్టం.

డిండి_రైతు · సాయంత్రం 7:09

ఈ ఒక్క మాట మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

జొన్నచేను · రాత్రి 8:15

క్లాసులో ఏం జరిగిందో చెప్తా. నల్లంచి కథ అప్పటికి రాలేదు, బంటింగ్ కథా, వేపచెట్టు పిట్ట కథా చెప్పాను. బోర్డు మీద టిబెట్ గీసి చుట్టూ పిట్టలు పెట్టా. ఒక అమ్మాయి లేచి, “సార్, మరి వలయంలో మధ్యలోవి చచ్చిపోతే?” అంది. అప్పుడు రెండు జాతులమ్మా అన్నా. “అంటే పిట్ట మారకపోయినా, పక్కింటిది చచ్చిపోతే జాతి మారిపోతుందా?” అంది. గంట కొట్టారు, బతికిపోయా.

వెనక బెంచీ వాడికి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. “ఇరాన్ పోయి చూడలేం కదా సార్” అంటాడు.

నాన్నకు జ్వరం తగ్గింది. సాయంత్రం ఫోటోలు ఆయనకూ చూపించా. ఎర్రతల దాన్ని చాలాసేపు చూసి, “ఇవి రెండు తీర్లని నాకెప్పుడో తెలుసు. గిది కంకి మీద కూసుంటది, గది కిందికి దిగి ఏరుకుంటది” అన్నాడు. మరి ఇన్నాళ్లూ ఒకే పేరు ఎందుకు పెట్టారంటే, “తిట్టడానికి ఒక పేరు చాలు” అన్నాడు.

ఇది నిజమేనా తాతగారూ? పుస్తకంలో ఎక్కడా కనబడలేదు.

బైనాక్యులర్_తాత · రాత్రి 8:50

రెండూ కంకుల మీదా తింటాయి, నేల మీదా ఏరుకుంటాయి. నేను ఆ తేడా ఎప్పుడూ గమనించలేదు. కాని నేను చేలో గంటసేపు ఉండేవాణ్ని, మీ నాన్నగారు ముప్పై ఏళ్లుగా మంచె మీద ఉన్నారు. కోత ఎప్పుడు?

జొన్నచేను · రాత్రి 8:58

మాది ఇంకో వారం. పక్క చేను పత్తి, అటు పిట్టలు దిగవు.

బైనాక్యులర్_తాత · రాత్రి 9:03

అయితే గురువారం తెల్లారేసరికి అక్కడుంటా. కంకి మీద ఎన్ని, కింద ఎన్ని, ఏ తలవి, ఒక నోట్‌బుక్‌లో రాద్దాం. ఆ వెనక బెంచీ పిల్లవాణ్ని కూడా తీసుకురా, లెక్క వాడు రాస్తాడు. వడిసెల మాత్రం పదింటి దాకా ముట్టుకోవద్దని నాన్నగారికి చెప్పు.

డిండి_రైతు · రాత్రి 9:10

పదింటి దాకా అంటే సగం చేను పోతది. జొన్న రొట్టె మీరే తెచ్చుకోండ్రి ఇగ.